బోదకాలు - చర్మ సంరక్షణము

గోదావరి, కృష్ణా డెల్టాలలోను, ఉత్తరమున విశాఖ, శ్రీకాకుళ తీరములయందును, తెలంగాణమున కొన్ని జిల్లాలలోను బోదకాలు అను మాట వినని కుటుంబము ఉండదు. దీనినే ఏనుగుకాలు అనియు పిలుతురు. ఆయుర్వేద గ్రంథములు దీనికి శ్లీపదమని పేరు పెట్టినవి. ఈ వ్యాధి సామాన్యముగా ప్రాణము తీయదు. అందుచేతనే దీనికి రావలసినంత శ్రద్ధ రాలేదేమో యని మాకు తోచుచుండును. ప్రాణము తీయకపోయినను ఇది ఊడ్పులు ఊడ్చు మనిషిని గట్టున కూర్చుండబెట్టును. మగ్గపు గుంటలో కాలాడించు నేతగాని జీవనమును చెరచును. పెండ్లికి ఎదిగిన పిల్లను నలుగురిలోనికి రానీయక ఇంటిపట్టున నిలుపును.

ఈ ప్రసంగములో మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయము ఒక్కటే. బాగుగా ముదిరిన కాలు మునుపటివలె సన్నబడుట అందరి విషయమున సాధ్యము కాకపోవచ్చును. కాని అది నానాటికి పెరిగి తీరవలెనను నియమము లేదు. మాటిమాటికి వచ్చు జ్వరమును, మంటను, పొంగును చాలవరకు ఆపవచ్చును. దానికి కావలసినవి సబ్బు, నీరు, మెత్తని పొడిగుడ్డ, ప్రతిదినము అరగంట ఓపిక. ఇంత సులభమైన సాధనము ఇంటిలోనే ఉండగా తెలియక బాధపడువారు ఇంకను ఎందరో ఉన్నారు.

మొదట ఒక హెచ్చరిక. వాచిన ప్రతి కాలును బోదకాలు కాదు. రెండు పాదములును చీలమండలును సమానముగా వాచి, వ్రేలితో నొక్కిన చోట గుంటపడుచున్నచో గుండె, మూత్రపిండములు, కాలేయము వీనిలో ఏదియో సరిగా పనిచేయుటలేదేమో చూడవలెను. రక్తహీనతవలనను, ఆహారములో మాంసకృత్తులు చాలకపోవుటవలనను వాపు రావచ్చును. రక్తపు పోటునకు ఇచ్చు కొన్ని మందులవలన కూడ చీలమండలు ఉబ్బుట కలదు. గర్భిణికి కాళ్ళతోపాటు ముఖము, చేతులు వాచి, తలనొప్పియు చూపు మసకయు కలిగినచో ఒక్క పూట కూడ ఆలస్యము చేయరాదు. ఒక్క కాలిపిక్క అకస్మాత్తుగా వాచి, గట్టిపడి, నొప్పి పుట్టినచో లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టి యుండవచ్చును. దానిని మర్దన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. బోదకాలు సాధారణముగా ఒక కాలిలో మొదలగును. రెండును వాచినప్పుడు కూడ ఒకటి పెద్దదిగాను ఒకటి చిన్నదిగాను ఉండును. ఏది ఏమో నిర్ణయించవలసినవాడు వైద్యుడు.

ఈ వ్యాధికి కారణము పాపమని కొందరు, వంశదోషమని కొందరు, ఊరి నీరని కొందరు చెప్పుచుందురు. ఒకే ఇంట తండ్రికిని కొడుకునకును వచ్చుట చూచి వంశదోషమని తలచుట సహజమే. అయితే ఆ తండ్రికొడుకులను కుట్టిన దోమలు ఒక్కటే అన్న సంగతి మరువరాదు. 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ అను వైద్యుడు రోగి రక్తములో కంటికి కనబడని సన్నని పురుగుపిల్లలను చూచెను. 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్ వాని తల్లిపురుగును కనుగొనెను. మరుసటి సంవత్సరము, 1877లో, చీనాదేశపు అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ ఈ పురుగుపిల్లలు రోగి రక్తమును త్రాగిన దోమ కడుపులో పెరుగుచున్నవని చూపెను. కీటకములు మనుష్యరోగములను మోయునను సంగతి శాస్త్రలోకమునకు అర్థమగుట అక్కడనే ఆరంభమైనది. మలేరియా విషయము తేలినది ఆ తరువాత ఇరువది సంవత్సరములకు.

ఈ పురుగు పేరు ఫైలేరియా. ఆడపురుగు ఎనిమిది, పది సెంటీమీటర్ల పొడవుండును. మగది అందులో సగము. లావు మాత్రము నూలుపోగంతయే. ఇవి మన శరీరములో శోషరస నాళములలో కాపురముండును. నెత్తురు నుండి కండలలోనికి ఊరిన నీరు మరల నెత్తురులోనికి చేరుటకు శరీరములో ప్రత్యేకమైన సన్నకాలువలు కలవు. అవియే శోషరస నాళములు. గజ్జలలోను, చంకలలోను తగులు బిళ్ళలు ఆ కాలువలకు వడపోత గదులవంటివి. తల్లిపురుగు అక్కడ ఆరు మొదలు ఎనిమిది సంవత్సరముల వరకు బ్రతికి, లక్షలకొలది పిల్లలను నెత్తురులోనికి వదలును.

ఈ పిల్లలకు ఒక విచిత్రమైన అలవాటు కలదు. పగలు ఊపిరితిత్తుల లోతులలో దాగియుండి, రాత్రి పొద్దుపోయిన తరువాత చర్మమునకు దగ్గరనున్న నెత్తురులోనికి వచ్చును. వీనిని మోయు క్యూలెక్స్ దోమ కుట్టుచుండునదియు రాత్రియే. అందుచేతనే ఆరోగ్యశాఖవారు రాత్రి ఎనిమిది దాటిన తరువాత ఇంటింటికి వచ్చి వ్రేలికొనను గ్రుచ్చి నెత్తురుబొట్టు తీసికొందురు. వేళకాని వేళ వచ్చినారని విసుగుకొనువారు ఈ సంగతి తెలిసినచో తలుపు తీయుదురని మా నమ్మకము. ఈ పరీక్షలలో సిబ్బందికి శిక్షణ ఇచ్చిన కేంద్రములలో మన రాజమహేంద్రవరము ఒకటి.

దోమ కడుపులో ఈ పిల్లలు పది, పండ్రెండు దినములు పెరిగి, మరొకరిని కుట్టునప్పుడు చర్మముమీద దిగి, కాటు రంధ్రము ద్వారా లోనికి పోవును. ఒక్క కాటుతో వ్యాధి రాదు. నెలలు, సంవత్సరములు ఎడతెగక కుట్టించుకొనినవారికే సాధారణముగా వచ్చును. పలువురకు పురుగు పసితనముననే చేరును. కాలు వాచుట యౌవనములోనో, నడివయస్సులోనో కనబడును. ఈ నడుమ కాలములో మనిషికి ఏ బాధయు తోచదు. ఆరోగ్యవంతుడనని తలచుచునే అతడు ఊరిలోని దోమలకు పురుగుపిల్లలను పంచిపెట్టుచుండును. దీని పర్యవసానము తరువాత చెప్పెదము.

ఇక కాలి సంగతి. తల్లిపురుగులు కాపురమున్న కాలువలు సాగి, వదులై, పనికిమాలినవగును. నీరు పైకి పోలేక కాలిలో నిలుచును. మొదట సాయంత్రమునకు వాపు కనబడి, రాత్రి పండుకొని లేచుసరికి తీసిపోవును. ఈ దశలో చాలమంది దానిని లెక్కచేయరు. నిలిచిన నీటిలో మాంసకృత్తులు ఉండుటచేత చర్మపు సూక్ష్మజీవులు అందు సులభముగా వృద్ధిపొందును. కాలి వ్రేళ్ళసందున ఒరిసిన చోటు, మడమ పగులు, గోకిన దద్దురు, ముల్లు గ్రుచ్చిన గాయము, ఏదో ఒక ద్వారమున ఈ సూక్ష్మజీవులు లోనికి దిగును. అంతట గజ్జలో బిళ్ళ కట్టును. చలి, వణుకు, జ్వరము. కాలు ఎర్రబడి, నిప్పువలె కాలి, పొంగును. నాలుగైదు దినములకో, వారమునకో తగ్గును. అయితే ప్రతిమారు తగ్గినప్పుడు కాలు మునుపటికంటె కొంచెము లావుగానే మిగులును. ఇట్లు పదిమార్లు, ఇరువదిమార్లు వచ్చిన తరువాత చర్మము దళసరియై, మడతలు పడి, బుడిపెలు లేచి, మనము ఏనుగుకాలు అనుచున్న రూపము ఏర్పడును.

ఇందు గమనింపవలసిన దేమనగా, ఈ జ్వరములు పురుగువలననే వచ్చుచున్నవని చిరకాలము వైద్యులు కూడ భావించిరి. బ్రెజిలు దేశములోని రెసీఫే నగరమున గెరూసా డ్రేయర్ అను వైద్యురాలును, ఆమె సహచరులును రోగులను సంవత్సరముల తరబడి పరిశీలించి, ఈ జ్వరములలో అధికభాగము చర్మమునుండి దిగిన సూక్ష్మజీవులవలన వచ్చుచున్నవని స్థాపించిరి. ఆ ద్వారములు మూసినచో జ్వరము రాదు. జ్వరము రానిచో కాలు పెరుగదు. వైద్యమంతయు ఈ సూత్రముమీద ఆధారపడి యున్నది.

కాలిని కడుగు విధానమును కొంత వివరముగా చెప్పుట అవసరము. దినమునకు ఒక్కమారైనను, వీలైనచో రాత్రి పడుకొనుటకు ముందు, ఎత్తైన పీటమీద సుఖముగా కూర్చుండవలెను. మొదట కాలినంతటిని వెలుతురులో పరీక్షించవలెను. పాదము అడుగున, వ్రేళ్ళసందున, చర్మపు మడతలలోపల, గోళ్ళ అంచులలో పగులు గాని, తడి గాని, తెల్లని పొర గాని, దుర్వాసన గాని ఉన్నదేమో చూడవలెను. తమకు వంగి చూచుట కష్టమైనచో ఇంటివారు చూడవలెను. నీరు చల్లనిదో, గోరువెచ్చనిదో కావలెను; వేడినీరు పనికిరాదు. సామాన్యమైన స్నానపు సబ్బు చాలును. సబ్బు నురుగును చేతితోనో, మెత్తని గుడ్డతోనో మోకాలినుండి పాదమువరకు మృదువుగా పూయవలెను. పీచుతోను, రాతితోను రుద్దరాదు. మడతలలోపలను, ప్రతి రెండు వ్రేళ్ళ నడుమను సన్నని గుడ్డను పోనిచ్చి కడుగవలెను. నురుగు ఏమాత్రము మిగులకుండ, నీరు తేటగా వచ్చువరకు కడుగవలెను. రెండవ కాలు బాగుగానే ఉన్నను దానిని కూడ ఇట్లే కడుగవలెను.

కడుగుటకంటె తుడుచుటయందు ఎక్కువ జాగ్రత్త కావలెను. చాలమంది కడిగి తడికాలితో లేచిపోవుదురు. తడి నిలిచిన వ్రేళ్ళసందున ఒరుపు పుట్టును. అక్కడ బూజు జాతి క్రిములు చేరి దురద, దద్దురు, తెల్లనిపొర కలిగించును. మన ప్రాంతమున వానకాలపు బురదలో పనిచేయువారికి ఇది సర్వసామాన్యము. మంచి కాలుగలవానికి అది చిన్న చికాకు మాత్రమే. బోదకాలు గలవానికి మాత్రము మరునాటి జ్వరమునకు అదియే దారి. కావున మెత్తని పొడిగుడ్డతో అద్ది అద్ది తుడిచి, వ్రేళ్ళసందునకు గుడ్డకొననో, దూదినో పోనిచ్చి తడి పూర్తిగా తీయవలెను. ఒరుపున్నచోట ఈ క్రిములను చంపు లేపనమును వైద్యుని సలహాపై పూయవలెను. పగిలిన గాయమున్నచో వేరొక లేపనము అవసరము. ఆకుపసరులు, సున్నము, పేడబూడిద మున్నగునవి ఎట్టి పరిస్థితిలోను పూయరాదు. దురదకు గోళ్ళతో గోకరాదు; పిన్నీసుతోను, పుల్లతోను అసలే కూడదు. గోళ్ళను తిన్నగా, చర్మము తెగకుండ కత్తిరించుకొనవలెను.

చెప్పులు లేక నడువరాదు. బిగువైన బూట్లు కూడ మంచివి కావు. గాలి ఆడునట్టివి, వెడల్పైనవి, మెత్తనివి ధరించవలెను. కూర్చున్నప్పుడు కాలిని మరొక పీటపై చాచి పెట్టుకొనవలెను. రాత్రి పడుకొనునప్పుడు మంచపు పాదములవైపు కోళ్ళక్రింద రెండు ఇటుకలు పెట్టినచో నిద్రించునంతసేపును నీరు దానంతట అది దిగుచుండును. గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యుని అడుగక ఇట్లు చేయరాదు. మునివ్రేళ్ళపై లేచి దిగుట, చీలమండను గుండ్రముగా త్రిప్పుట వంటి చిన్న వ్యాయామములు కూర్చుండియో, నిలుచుండియో దినమునకు పలుమార్లు చేయవలెను. పిక్క కదలిననే గాని కాలువలలోని నీరు పైకి సాగదు. పట్టీలు కట్టుట కూడ ఉపయోగకరమే. అయితే దానిని నేర్చినవారివద్ద నేర్చుకొని కట్టవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఎప్పుడైన జ్వరము రావచ్చును. అప్పుడు చేయవలసినది విశ్రాంతి. కాలిని ఎత్తుగా ఉంచి, చన్నీటిలో ముంచిన గుడ్డను కప్పి, నీరు హెచ్చుగా త్రాగవలెను. వెంటనే వైద్యుని దర్శించి సూక్ష్మజీవులను చంపు మందును ఆయన చెప్పినన్ని దినములు తప్పక వాడవలెను. మూడవనాడు జ్వరము తగ్గినదని మందు మానుట చాలమందికి గల దురభ్యాసము. ఆ దినములలో వ్యాయామము కూడదు. కాపడము పెట్టరాదు. పట్టీ బిగించరాదు. చెడునెత్తురు తీయుదునని కత్తిగాటు పెట్టువానిని గడపలోనికి రానీయరాదు. కాలిపై పొక్కులు లేచినను, మనిషికి తెలివి తప్పుచున్నను, చలిజ్వరము ఎడతెగక వచ్చుచున్నను ఆసుపత్రిలో చేర్చవలెను. పురుషులకు ఈ వ్యాధివలననే వచ్చు వరిబీజము శస్త్రచికిత్సతో నయమగును. దానిని సిగ్గుచేత దాచుకొని మోయువారిపట్ల మాకు ఎంతయు జాలి కలుగుచుండును.

ఇంతవరకు చెప్పినది వాచిన కాలిని గూర్చి. ఇంకను కాలు వాయనివారిని, ముఖ్యముగా పిల్లలను, కాపాడుట ఎట్లు? ఇచ్చట ఒక తెలుగువాని పేరు స్మరింపవలసియున్నది. 1895లో భీమవరములో జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికాకు వెళ్ళిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లే పరిశోధనాలయమున శాస్త్రజ్ఞులకు నాయకత్వము వహించిరి. రెండవ ప్రపంచయుద్ధములో పసిఫిక్ ద్వీపములలో పోరాడిన అమెరికా సైనికులు వేలకొలదిగా ఫైలేరియా పాలైరి. అప్పటికి చేతనున్న మందులు అంజనము, పాషాణము మొదలగు విషధాతువులతో చేసినవి. సుబ్బారావు గారి బృందము డైఇథైల్ కార్బమజిన్ అను మందును 1947లో లోకమునకు అందించినది. హెట్రజాన్ అను పేర అది ప్రసిద్ధికెక్కెను. మరుసటి సంవత్సరమే, 1948లో, సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూసిరి. బోదకాళ్ళకు పేరుపడిన డెల్టాలో పుట్టినవాడు బోదకాలి పురుగునకు మందు చూపుట మనమందరము తలచుకొని సంతోషింపదగిన విషయము.

మన దేశమున 1955లో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమము ఆరంభమైనది. 2000 సంవత్సరములో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ వ్యాధిని లోకమునుండి తొలగించు ఉద్యమమును ప్రారంభించెను. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో సంవత్సరమునకు ఒక్కమారు అందరికిని ఈ మాత్రలు మ్రింగించు పద్ధతి దేశమున విస్తరించినది. దీనితోపాటు అల్బెండజోల్ మాత్రయు, 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్మెక్టిన్ అను మూడవ మందును ఇచ్చుట మొదలుపెట్టిరి. 2027 నాటికి వ్యాధిని తొలగింపవలెనని కేంద్రప్రభుత్వము 2023లో లక్ష్యముగా ప్రకటించినది.

మాకు జబ్బు లేనప్పుడు మాత్ర ఎందుకు అని అడుగువారు ఉన్నారు. పైన చెప్పిన మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. జబ్బు లేదని తలచువారి నెత్తురులోనే పురుగుపిల్లలు తిరుగుచుండవచ్చును. ఊరిలో కొందరు మ్రింగి కొందరు మాత్రలను గూటిలో పెట్టినచో ఆ గూటిలోని మాత్రలే వ్యాధికి ఆయుర్దాయమగును. రెండు సంవత్సరముల లోపు పిల్లలకును, గర్భిణులకును, తీవ్రమైన వ్యాధితోనున్నవారికిని ఇవ్వరు. తక్కినవారు భోజనము చేసిన తరువాత, మందు ఇచ్చువారి యెదుటనే మ్రింగుట మేలు.

మాత్ర మ్రింగిన దినముననో, మరునాడో కొందరికి జ్వరము, తలనొప్పి, ఒడలు నొప్పులు, దురద, చర్మముపై దద్దుర్లు కలుగును. దీనిని చూచియే పల్లెలలో భయము ప్రాకును. మందు విషమని మాట పుట్టును. జరుగుచున్న దేమనగా, చాలవరకు నెత్తురులోని పురుగుపిల్లలు ఒక్కమారుగా చచ్చుటచేత శరీరము చూపు ప్రతిక్రియ యిది. ఎవరి నెత్తురులో పురుగులు హెచ్చుగా ఉన్నవో వారికే ఇది హెచ్చుగా కనబడును. దద్దురు లేచినవాడు తనలో వ్యాధి యుండియుండవచ్చునని, మందు పనిచేయుచుండవచ్చునని తలచి ఊరట పొందవచ్చును. సాధారణముగా ఒకటి రెండు దినములలో ఇవి తగ్గును. ఊపిరాడకపోవుట, ముఖము వాచుట, తలతిరిగి పడిపోవుట వంటివి అరుదు. అట్టివి కలిగినచో వెంటనే ఆరోగ్యకేంద్రమునకు పోవలెను.

మందుతోపాటు దోమల సంగతియు చూడవలెను. క్యూలెక్స్ దోమకు తేటనీటికంటె మురుగునీరు ప్రియము. కదలని మురుగుకాలువ, పెరటిలోని వాడుకనీటి గుంట, మూతలేని మరుగుదొడ్డి తొట్టి దాని పుట్టినిండ్లు. మురుగు నిలువకుండ పారునట్లు చేయుట, తొట్టి గాలిగొట్టపు కొనకు సన్నని వలగుడ్డ కట్టుట, దోమతెరలో పడుకొనుట ప్రతి గృహస్థుడును చేయగల పనులు. కాలువలు బాగుచేయుట పంచాయతీల, పురపాలక సంఘముల విధి. అడుగుట మన విధి.

చివరి మాట ఇంటివారికి. బోదకాలు తాకుటవలన అంటదు. ఒకే కంచములో తినుటవలనను, ఒకే పక్కపై పడుకొనుటవలనను అంటదు. పిత్రార్జితముగా సంక్రమించదు. ఈ వ్యాధితోనున్న మనిషిని వేరుగా కూర్చుండబెట్టుటకు కారణమే లేదు. వంగలేని ముసలి అత్తగారి కాలు కడిగి తుడుచు కోడలికి ఏ భయమును అక్కరలేదు. పెద్దలు కాలు చూపుటకు సిగ్గుపడుదురు. వారు అడుగువరకు ఆగక, ఇంటివారే నీళ్ళు తోడి, పీట వేసి పిలువవలెను. నెలకొకమారు దారముతో చీలమండ చుట్టును, పిక్క చుట్టును కొలిచి గోడకేలెండరుపై గుర్తు వేసికొన్నచో కాలు నిలకడగా ఉన్నదో, తగ్గుచున్నదో వారికే తెలియును. జ్వరము వచ్చిన దినములను కూడ దానిపైననే గుర్తించుడు. రెండు నెలలకొకమారు వచ్చు జ్వరము సంవత్సరములో ఒక్కమారు కూడ రాకపోయినచో ఆ కేలెండరే మీకు సాక్ష్యము పలుకును.